గోల్ వాళ్లది, గంతులు మనవి

“ఎవరో ఎక్కడో బంతి తంతే నీకేమొచ్చిందిరా? వాళ్లేమైనా మనకు చుట్టాలా, పక్కాలా?”

యూరప్ క్లబ్బుల పెద్ద మ్యాచులు చాలావరకు మన గడియారంలో అర్ధరాత్రి దాటాకే మొదలవుతాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో హాల్లో లైటు తీసేసి, టీవీ సౌండు తగ్గించుకుని చూస్తున్న కుర్రాడు గోల్ పడగానే ఆపుకోలేక కేక పెడతాడు. నిద్ర చెడిన ఇంటి పెద్దలు అడిగే ప్రశ్న అది. అడగదగ్గ ప్రశ్నే. ఆ కుర్రాడు బంతిని తాకలేదు. ఆటగాళ్లకు అతని పేరు కూడా తెలియదు. గెలిస్తే వచ్చే డబ్బు వాళ్లది, కప్పు వాళ్లది. ఓడితే మాత్రం మర్నాడు అన్నం సయించనిది ఇతనికి.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు, మెదడు పరిశోధకులు, చివరికి గుండె డాక్టర్లు కూడా దాదాపు అర్ధ శతాబ్దంగా ఇదే ప్రశ్నను తమ తమ పద్ధతుల్లో అడుగుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబులన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అభిమానికి ఆనందం ఇచ్చేవాటిలో గెలుపు ఉంది, కానీ దానిది పెద్ద వాటా కాదు. పెద్ద వాటా ఎదురుచూపుది, పక్కన కూర్చున్న తోటి అభిమానిది.

## లెక్క వేస్తే నష్టమే

ముందు లాభనష్టాల సంగతి చూద్దాం. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు పీటర్ డోల్టన్, జార్జ్ మెకెరాన్ ఈ లెక్క తీసి 2018లో బయటపెట్టారు. వాళ్లకు ఆధారం ‘మ్యాపినెస్’ అనే మొబైల్ యాప్. దాన్ని పెట్టుకున్నవాళ్ల ఫోన్ రోజులో ఏదో ఒక వేళ మోగుతుంది. ఈ క్షణాన ఎంత సంతోషంగా ఉన్నారు, ఏం చేస్తున్నారు, ఎవరితో ఉన్నారు అని అడుగుతుంది. సంతోషాన్ని సున్నా నుంచి వంద దాకా ఉన్న కొలబద్ద మీద వేలితో చూపించాలి. అలా సుమారు 32,000 మంది నుంచి 30 లక్షల జవాబులు పోగయ్యాయి. ఆ జవాబుల పక్కన ఫుట్‌బాల్ మ్యాచుల వేళలూ ఫలితాలూ పెట్టి పోల్చారు.

జట్టు గెలిచాక మొదటి గంటలో అభిమాని సంతోషం సగటున 3.9 పాయింట్లు పెరిగింది. ఓడాక మొదటి గంటలో 7.8 పాయింట్లు పడిపోయింది. స్టేడియానికి వెళ్లి చూసినవాళ్లలో ఈ ఎగుడుదిగుళ్లు ఇంకా ఎక్కువ. గెలుపు తెచ్చిన సంతోషం త్వరగా చల్లబడింది, ఓటమి దిగులు మాత్రం తర్వాతి గంటల్లోనూ వెంటాడింది. సగం మ్యాచులు గెలిచి సగం ఓడే మామూలు జట్టును పట్టుకుని వేలాడితే ఏడాది చివర మిగిలేది దిగులే అన్నమాట.

అయినా అభిమానులు జట్టు మార్చరు. అంగడిలో సరుకు నచ్చకపోతే మరో అంగడికి వెళ్లే మనిషే జట్టు విషయంలో ఆ పని చేయడు. అంటే అతను గెలుపు ఒక్కదాని కోసమే రావడం లేదు. మ్యాపినెస్ సమాచారంలోనే దీనికొక ఆనవాలు దొరికింది. మ్యాచ్ మొదలవకముందు, ఇంకా ఎవరూ ఏ గోలూ కొట్టకముందు, అభిమానుల సంతోషం మామూలు కంటే ఎక్కువగా ఉంది.

## చివరిదాకా తేలని ఆట

2022లో ఖతార్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో 64 మ్యాచులకు మొత్తం 172 గోల్స్ పడ్డాయి. మ్యాచ్‌కు మూడు కూడా లేవు. బాస్కెట్‌బాల్‌లో నిమిషానికి నాలుగైదు పాయింట్లు రావడం మామూలే. క్రికెట్‌లో బంతి బంతికీ స్కోరు కదలగలదు. అలవాటు లేనివాళ్లకు ఫుట్‌బాల్ చూస్తే గంటన్నర సేపు ఏమీ జరగడం లేదనిపిస్తుంది.

నిజానికి ఆ కరువులోనే ఆట బలమంతా ఉంది. గోల్స్ తక్కువైనప్పుడు ఒక్క గోల్‌తో మ్యాచ్ తారుమారవుతుంది. బంతి గోలు కర్రకు తగిలి బయటికి వెళ్లిందా, లోపలికి వెళ్లిందా అన్న చిన్న తేడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. బలహీనమైన జట్టు 80 నిమిషాలు కాచుకుని ఒక్క అవకాశాన్ని అందిపుచ్చుకున్నా చాలు, గెలిచేస్తుంది. భౌతిక శాస్త్రజ్ఞులు ఎలీ బెన్-నయీమ్, ఫెడెరికో వాస్కెజ్, సిడ్నీ రెడ్నర్ నూరేళ్లకు పైబడిన మ్యాచుల చిట్టా తీశారు. ఐదు రకాల ఆటల్లో మూడు లక్షలకు పైగా మ్యాచులను లెక్కపెట్టారు. పట్టికలో కింద ఉన్న జట్టు పైనున్న జట్టును ఓడించడం ఎందులో ఎక్కువని చూస్తే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ మొదట నిలిచింది. అక్కడ అలాంటి తలకిందుల ఫలితాలు 45 శాతం దాకా ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ 36 శాతం దగ్గరే ఆగాయి.

లెస్టర్ సిటీ కథ అందరికీ గుర్తే. 2015 వసంతంలో ఆ జట్టు ప్రీమియర్ లీగ్ పట్టికలో అట్టడుగున ఉంది, కింది లీగుకు జారిపోకుండా ఎలాగో తప్పించుకుంది. తర్వాతి సీజన్‌లో అది టైటిల్ గెలుస్తుందని ఒక పౌండు పందెం కాస్తే 5,000 పౌండ్లు ఇస్తామని బెట్టింగ్ కంపెనీలు ప్రకటించాయి. క్లాడియో రనియేరి శిక్షణలో 2016 మే 2న ఆ జట్టు ఛాంపియన్ అయింది. అది జరిగాక ఏ చిన్న జట్టు అభిమానికైనా సీజన్ మొదట్లో ఆశ పెట్టుకునే హక్కు వచ్చేసింది.

తేలని విషయం మెదడుకు ఎందుకు ఇష్టం? దీనికి జవాబు వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఉంది. కోతికి ఒక గుర్తు చూపించి, కాసేపటికి పళ్లరసం చుక్క ఇస్తారు. మెదడు లోతుల్లో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలను గమనిస్తారు. మొదట్లో రసం నోట్లో పడగానే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. అలవాటయ్యాక రసానికి స్పందించడం మానేసి, రసం రాబోతోందని చెప్పే గుర్తుకు స్పందించడం మొదలుపెట్టాయి. గుర్తు వచ్చి రసం రాకపోతే వాటి చురుకు ఒక్కసారిగా పడిపోయింది.

ఇది జీతగాళ్లందరికీ అనుభవమే. ఒకటో తారీఖున జీతం పడితే ఎవరూ ఎగిరి గంతేయరు, అది వస్తుందని తెలుసు కాబట్టి. అదే పండగ ముందు అనుకోని బోనస్ పడితే ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది, మొత్తం చిన్నదైనా సరే. ఒకటో తారీఖు దాటినా జీతం రాకపోతే వచ్చే దిగులు, జీతం వచ్చినప్పటి సంతోషం కంటే ఎన్నో రెట్లు పెద్దది. మెదడు చూసేది చేతికి ఎంత వచ్చిందని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడా ఎంతని. గెలవడం ఖాయమనుకున్న మ్యాచ్‌లో గెలుపు జీతం లాంటిది. చిన్న జట్టు పెద్ద జట్టును ఓడిస్తే అది బోనస్. ఓడకూడని చోట ఓడితే అది రాని జీతం.

షుల్ట్స్ బృందం 2003లో ఇంకో విషయం కనిపెట్టింది. రసం వచ్చే అవకాశాన్ని మారుస్తూ పోతే, ఎదురుచూసే ఆ కాస్త వ్యవధిలో డోపమిన్ కణాల్లో ఒక చురుకు నెమ్మదిగా పెరుగుతూ పోయింది. అవకాశం సరిగ్గా సగానికి సగం ఉన్నప్పుడు అది అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. వస్తుందో రాదో తేలని స్థితే మెదడును బాగా మేల్కొల్పుతోంది. 0-0 స్కోరుతో 85వ నిమిషంలోకి అడుగుపెట్టిన మ్యాచ్ అభిమానిని కుర్చీ అంచుకు లాగేది ఇందుకే.

## గెలిస్తే ‘మనం’, ఓడితే ‘వాళ్లు’

ఉత్కంఠ ఒక్కటే కావాలంటే ఏ రెండు జట్ల మ్యాచ్ చూసినా సరిపోవాలి. కానీ పరాయి జట్ల ఆట ఎంత రంజుగా సాగినా గుండె దడ పుట్టదు. ‘మన జట్టు’ అనుకున్నప్పుడే పుడుతుంది. ఆ ‘మన’ ఎక్కడిది?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ చాల్దీనీ, ఆయన సహచరులు 1976లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో పునాదిరాయి. అది అమెరికన్ ఫుట్‌బాల్‌కు సంబంధించిందే అయినా సంగతి ఏ ఆటకైనా వర్తిస్తుంది. ఏడు విశ్వవిద్యాలయాల్లో సోమవారం ఉదయం తరగతికి వచ్చిన విద్యార్థుల బట్టలు గమనించారు. శనివారం తమ జట్టు గెలిచి ఉంటే విశ్వవిద్యాలయం పేరో గుర్తో ఉన్న చొక్కాలు ఎక్కువగా కనిపించాయి. తర్వాత విద్యార్థులకు ఫోన్ చేసి, మొన్నటి మ్యాచ్ ఏమైందని అడిగారు. గెలిచిన మ్యాచ్ గురించి “మనం గెలిచాం” అన్నవాళ్లే, ఓడిన మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి “వాళ్లు ఓడిపోయారు” అనడం ఎక్కువైంది. అడిగే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టి, సరిగ్గా చేయలేదని చెప్పి మనసు చిన్నబుచ్చితే, అలాంటివాళ్లలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. ఎవరిదో గెలుపు వెలుగులో తానూ కాసేపు నిలబడి చలి కాచుకోవడం మనిషికి సహజమని చాల్దీనీ తేల్చారు.

ఈ పంచుకోవడం మాటలతో ఆగదు, ఒంట్లోకీ వెళుతుంది. 1994 ప్రపంచ కప్ ఫైనల్‌లో బ్రెజిల్, ఇటలీ 0-0తో నిలిచి, పెనాల్టీల్లో రోబెర్టో బజ్జో తన్నిన బంతి గోలు పైనుంచి వెళ్లడంతో బ్రెజిల్ గెలిచింది. అమెరికాలో ఆ మ్యాచ్‌ను టీవీలో చూస్తున్న రెండు దేశాల అభిమానుల్లో 21 మంది మగవాళ్ల లాలాజలాన్ని మ్యాచ్‌కు ముందూ తర్వాతా పరీక్షించారు. బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ హార్మోన్ సగటున పావు వంతుకు పైగా పెరిగింది. ఇటలీ అభిమానుల్లో దాదాపు అంతే తగ్గింది. మైదానంలో పోరాడినవాళ్లలో కనిపించే మార్పు, కుర్చీల్లో కూర్చున్నవాళ్లలోనూ కనిపించింది.

‘మనం’ అనే భావన పుట్టడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదని చూపించినవాడు హెన్రీ టాజ్‌ఫెల్. ఈయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి, జర్మన్లకు యుద్ధ ఖైదీగా చిక్కి బతికి బయటపడ్డాడు. తిరిగి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనుషులు ‘మనవాళ్లు, పరాయివాళ్లు’గా ఎందుకు విడిపోతారన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. బ్రిస్టల్‌లో బడిపిల్లలకు ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నువ్వు క్లే వర్గం, నువ్వు కాండిన్‌స్కీ వర్గం అని విడదీశాడు. నిజానికి ఆ విభజన లాటరీ తీసినట్టు చేసిందే. ఆపైన డబ్బుగా మారే పాయింట్లను మిగతా పిల్లలకు పంచమన్నాడు. తన వర్గంలో ఎవరున్నారో తెలియకపోయినా, తనకు చిల్లిగవ్వ రాకపోయినా, పిల్లలు తమ వర్గానికే ఎక్కువ ఇచ్చారు. అంతే కాదు, తమవాళ్లకు కాస్త తగ్గినా ఫరవాలేదు, అవతలివాళ్లకు ఇంకా తక్కువ రావాలని చూశారు.

అంత పలచని పేరుకే అంత పట్టుంటే, తాతల నుంచి వచ్చిన పేరుకు ఎంత ఉండాలి? కోల్‌కతాకు వెళితే తెలుస్తుంది. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. మోహన్ బగాన్ ఆటగాళ్లలో ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్లతో ఆడారు. 1920లో ఈస్ట్ బెంగాల్ పుట్టింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలకు ఆ క్లబ్బు కొత్త ఊళ్లో తమ చిరునామా అయింది. ఈ రెండు జట్లు తలపడితే గెలిచిన పక్షం ఇళ్లలో వంట కూడా మారుతుంది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే హిల్సా, అంటే మన గోదావరి జిల్లాల్లో పులస. మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్యలు. 1997 జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,000 మంది వచ్చారు. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది.

ఆ ‘మన’లోకి తెలుగు నేల మనుషులూ చేరారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఆటగాడు తులసీదాస్ బలరామ్‌ను ఈస్ట్ బెంగాల్ అభిమానులు తమ ఇంటి బిడ్డలా చూసుకున్నారు. అంతకుముందు 1949 నుంచి ఆ జట్టు దాడికి ప్రాణమైన ఐదుగురిని వాళ్లు పంచ పాండవులన్నారు. అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధన్‌రాజ్‌లతో పాటు ఐదోవాడు అప్పారావు. ఆ ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. వాళ్ల భాష వేరు, వంట వేరు. ఎర్ర పసుపు చొక్కా తొడుక్కున్నాక అభిమాని కంటికి అవేమీ కనిపించలేదు.

## వేల గొంతులు, ఒకే పాట

2005 మే 25, ఇస్తాంబుల్. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మొదటి నిమిషంలోనే పావొలో మల్దీని గోల్ కొట్టాడు. విరామం లోపు క్రెస్పో ఇంకో రెండు కొట్టాడు. ఏసీ మిలాన్ 3, లివర్‌పూల్ 0. తేరుకోవడం జరిగేపని కాదు. విరామంలో ఆటగాళ్లు లోపల తలలు వంచుకుని కూర్చుంటే, బయట లివర్‌పూల్ అభిమానులు కండువాలు తల పైకెత్తి ‘యు విల్ నెవర్ వాక్ అలోన్’ పాట ఎత్తుకున్నారు. 1945 నాటి అమెరికన్ సంగీత నాటకం కోసం రాసిన ఈ పాటను 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ల బృందం గెర్రీ అండ్ ద పేస్‌మేకర్స్ మళ్లీ పాడింది. అప్పటినుంచి అది లివర్‌పూల్ స్టేడియం సొత్తయింది.

విరామం తర్వాత 54వ నిమిషంలో జెరార్డ్ తలతో ఒక గోల్. 56లో ష్మీత్సర్ ఇంకొకటి. 60లో అలాన్సో తన్నిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని అలాన్సోనే లోపలికి కొట్టాడు. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్. చివరికి పెనాల్టీల్లో కప్పు లివర్‌పూల్‌దైంది. పాట వల్లే గెలిచారని ఎవరూ రుజువు చేయలేరు. కానీ 0-3తో వెనకబడి ఉన్న ఆ పదిహేను నిమిషాల్లో, గెలుపు ఆశే లేనప్పుడు, వేలమంది కలిసి పాడటంలో ఏదో సుఖం ఉంది. ఆ సుఖాన్నీ శాస్త్రవేత్తలు కొలిచారు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మా కోహెన్, రాబిన్ డన్‌బార్ బృందం 12 మంది పడవ పోటీ ఆటగాళ్లతో ఒక ప్రయోగం చేసింది. తెడ్డు వేసే వ్యాయామ యంత్రాల మీద ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా ఒకే లయలో కసరత్తు చేయించారు. తర్వాత బీపీ చూసే పట్టీని చేతికి బిగిస్తూ పోయి, నొప్పిని ఎంతదాకా ఓర్చుకోగలరో చూశారు. శ్రమ రెండుసార్లూ ఒకటే. అయినా కలిసి చేసినప్పుడు ఓర్పు బాగా పెరిగింది. శరీరం తనకు తానే తయారుచేసుకునే నొప్పి మందులైన ఎండార్ఫిన్లు, లయ కలిసినప్పుడు ఎక్కువగా ఊరుతాయని వాళ్లు భావించారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులే వయోజనుల సాయంకాలం తరగతులను పోల్చి చూశారు. చేతిపనులు, రచన నేర్చుకునేవాళ్ల కంటే కలిసి పాడటం నేర్చుకునేవాళ్ల మధ్య దగ్గరితనం వేగంగా పెరిగింది. స్టేడియంలో కలిసి చప్పట్లు కొట్టడం, కలిసి లేవడం, కలిసి పాడటం, కలిసి నిట్టూర్చడం అన్నీ ఉంటాయి. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు ఎమిల్ దుర్ఖైమ్ 1912లోనే ఇలాంటి ఉమ్మడి ఉప్పొంగును మత ఉత్సవాల్లో గుర్తించాడు. గుంపులో నిలబడ్డ మనిషి తనకంటే పెద్దదైన శక్తి ఏదో తనలో ప్రవహిస్తున్నట్టు భావిస్తాడని రాశాడు.

అరుపులు వృథా కూడా కావు. 2002లో ప్రచురితమైన ఒక ఇంగ్లిష్ ప్రయోగంలో 40 మంది రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 ఘటనల వీడియో చూపించారు. కొందరికి జనం గోలతో, కొందరికి శబ్దం లేకుండా. గోల విన్నవాళ్లు సొంత మైదానం జట్టుకు వ్యతిరేకంగా 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. కోవిడ్ కాలం దీనికి ఇంకో సాక్ష్యం. 2020-21లో ప్రీమియర్ లీగ్ దాదాపు మొత్తం ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఆడిన జట్లు 144 మ్యాచులు గెలిస్తే, బయటి నుంచి వచ్చిన జట్లు 153 గెలిచాయి. ఇంగ్లండు అగ్రశ్రేణి లీగు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. అభిమాని తాను ఆటలో భాగమని నమ్ముతాడు. ఆ నమ్మకంలో నిజముంది.

## ఓడే జట్టును ఎందుకు వదలరు?

ఇంగ్లండు ఈశాన్యంలో సండర్‌లాండ్ అనే ఊరుంది. ఓడలు కట్టడం, బొగ్గు తవ్వడం ఒకప్పుడు అక్కడి బతుకుతెరువు. 1988లో ఓడల కర్మాగారాల్లో ఆఖరుది మూతపడింది. 1993లో బొగ్గు గని మూతపడింది. ఆ గని ఉన్న చోటే క్లబ్బు 1997లో కొత్త స్టేడియం కట్టి ‘స్టేడియం ఆఫ్ లైట్’ అని పేరు పెట్టింది. గని కార్మికులు చేత్తో పట్టుకుని లోపలికి దిగే డేవీ దీపం ప్రతిమ ఇప్పటికీ స్టేడియం బయట ఉంది. ఆట చూడటానికి వెళ్లే మనవడు తాత పనిచేసిన నేల మీదుగానే నడుస్తాడు.

2017లో ఆ జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. 2018లో ఇంకో మెట్టు జారి మూడో అంచె లీగులో పడింది. అదే ఏడాది డిసెంబర్ 26న బ్రాడ్‌ఫర్డ్ సిటీతో మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. మూడో అంచె లీగుకు అది చాలా పెద్ద సంఖ్య. ఆ జట్టు తిరిగి ప్రీమియర్ లీగ్‌లోకి రావడానికి 2025 మే నెల దాకా పట్టింది. వెంబ్లీ స్టేడియంలో నిర్ణయాత్మక మ్యాచ్ 95వ నిమిషంలో పడిన గోల్‌తో గెలిచింది. అప్పటిదాకా ఎనిమిదేళ్లు అభిమానులు జట్టుతోనే ఉన్నారు.

మార్తా న్యూసన్ అనే మానవ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2021లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటివాళ్ల గురించే. ప్రీమియర్ లీగ్‌లో నిలకడగా రాణించిన ఐదు క్లబ్బుల అభిమానులనూ, నిలకడగా వెనకబడ్డ ఐదు క్లబ్బుల అభిమానులనూ పోల్చారు. తోటి అభిమానులు సొంత కుటుంబం లాంటివాళ్లన్న భావన ఓడిపోయే క్లబ్బుల దగ్గరే బలంగా ఉంది. కలిసి పడ్డ కష్టం జ్ఞాపకంలో లోతుగా నాటుకుంటుంది. ఆ జ్ఞాపకం ‘నా కథ’లో భాగమవుతుంది, అదే కథ పక్కవాడిదీ అవుతుంది. ఇక ఆ పక్కవాడిని వదలడం తనను తాను వదులుకోవడమే. సండర్‌లాండ్ అభిమానికి 1973లో రెండో అంచెలో ఉంటూనే లీడ్స్‌ను ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన కథ ఎంత సొంతమో, వరసగా రెండేళ్లు జారిపోయిన కథా అంతే సొంతం.

అమెరికాలోని ముర్రే స్టేట్ విశ్వవిద్యాలయంలో డేనియల్ వాన్ మూడు దశాబ్దాలకు పైగా అభిమానుల మనస్తత్వాన్నే అధ్యయనం చేశారు. తమ ప్రాంతపు జట్టుతో గట్టిగా మమేకమైనవాళ్లలో ఒంటరితనం తక్కువ, ఆత్మగౌరవం ఎక్కువ అని ఆయన పరిశోధనల్లో పదే పదే కనిపించింది. ఈ మేలు జట్టు గెలుపోటముల మీద పెద్దగా ఆధారపడలేదు. జట్టు తెచ్చిపెట్టిన పరిచయాల మీద ఆధారపడింది. టీ కొట్టు దగ్గర తెలియని మనిషితో మాట కలపడానికి, దూరమైన తండ్రీకొడుకులు ఫోన్లో మాట్లాడుకోవడానికి నిన్నటి మ్యాచ్ ఒక సాకు ఇస్తుంది.

## అభిమానం హద్దు దాటితే

ఈ అనుబంధానికి శరీరం చెల్లించే మూల్యమూ ఉంది. 2006లో జర్మనీలో ప్రపంచ కప్ జరుగుతున్నప్పుడు మ్యూనిక్ ప్రాంతంలోని వైద్యులు గుండె సంబంధిత అత్యవసర కేసులు లెక్కపెట్టారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అవి మామూలు కంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. 2014లో బ్రెజిల్ సొంతగడ్డ మీద జర్మనీ చేతిలో 1-7తో ఓడింది, మొదటి 29 నిమిషాల్లోనే ఐదు గోల్స్ పడ్డాయి. ఆ ప్రపంచ కప్‌లో బ్రెజిల్ అభిమానుల లాలాజలాన్ని పరీక్షిస్తే, జట్టుతో బాగా పెనవేసుకున్నవాళ్లలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ అందరికంటే ఎక్కువగా ఉంది. గుండె జబ్బు ఉన్న అభిమానులు పెద్ద మ్యాచ్ రోజున మందులు మానకుండా వేసుకోవాలి, ఛాతీలో నొప్పి వస్తే మ్యాచ్ అయ్యేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

‘మనవాళ్లు’ ఉన్నచోట ‘పరాయివాళ్లు’ కూడా ఉంటారు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానుల ఘర్షణ తొక్కిసలాటగా మారి 16 మంది ప్రాణాలు పోయాయి.

మనవాళ్లకూ పరాయివాళ్లకూ మధ్య ఉన్న ఆ గీతను చెరపొచ్చా? లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ లెవీన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగం ఆశ పుట్టిస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులను పిలిచి, ముందు తమ జట్టు మీద ఇష్టం గురించి రాయమన్నారు. తర్వాత ఇంకో భవనానికి నడిచి వెళ్లమన్నారు. దారిలో పరుగెత్తుకుంటూ వచ్చిన ఒక మనిషి కాలు జారి పడి, చీలమండ పట్టుకుని మూలుగుతాడు. అతను యునైటెడ్ చొక్కా వేసుకుంటే 13 మందిలో 12 మంది ఆగి సాయం చేశారు. ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా వేసుకుంటే 10 మందిలో ముగ్గురే ఆగారు. రెండోసారి ఒక్క చిన్న మార్పు చేశారు. తమ జట్టు గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటంలోని ఆనందం గురించి రాయమన్నారు. ఈసారి లివర్‌పూల్ చొక్కావాడికి కూడా 10 మందిలో ఏడుగురు చెయ్యి అందించారు. ‘మన’ అనే గీతను కాస్త పెద్దగా గీస్తే, నిన్నటి ప్రత్యర్థి కూడా లోపలికి వచ్చేశాడు.

## దగ్గరి మైదానం

టీవీలో దూరదేశపు జట్టును ఇష్టపడటంలో తప్పేమీ లేదు. అయితే లయ కలవడం, పక్కవాడి భుజం తగలడం, ఒంటరితనం తగ్గడం వంటి మేళ్లు ఎక్కువగా దగ్గర కూర్చుని చూసినవాళ్లకే దక్కుతున్నాయి. ఇంగ్లండులో 7,209 మంది వయోజనుల సమాచారంతో 2023లో వచ్చిన అధ్యయనమూ ఇదే చెప్పింది. ఆటలను స్వయంగా వెళ్లి చూసేవాళ్లలో జీవితం పట్ల తృప్తి ఎక్కువ, ఒంటరితనం తక్కువ. టికెట్ లేని పల్లెటూరి మ్యాచులు చూసినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు.

తెలుగువాళ్లకు ఈ ఆట కొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయింది. మూడేళ్లు తిరిగేసరికి 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. నిలకడగా స్టేడియానికి వచ్చే అభిమానులను ఒక నగరం కూడగట్టుకోవడం ఎంత అవసరమో ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో బెంగాల్ ఇంజురీ టైమ్‌లో పడిన ఒకే ఒక్క గోల్‌తో కేరళను ఓడించింది. అంత గొప్ప ముగింపును కళ్లారా చూసే అవకాశం మన నగరంలోనే దొరికింది.

కాబట్టి మీ ఊళ్లోనో పక్క జిల్లాలోనో ఫుట్‌బాల్ మ్యాచ్ పడుతోందని తెలిస్తే ఒకసారి వెళ్లండి. పిల్లలనూ వెంట తీసుకెళ్లండి. ఏ జట్టు వైపు కూర్చోవాలో వాళ్లనే తేల్చనివ్వండి. ఒక జట్టును ఎంచుకున్నాక ఆ సీజన్ మొత్తం, గెలిచినా ఓడినా, ఆ జట్టు మ్యాచులకే వెళ్లండి.